పిడికెడు బియ్యం, రెండువందల ఆరు ఎముకలు

నన్ను ఎవరు చదివించారని మా ఆస్పత్రిలో అడిగితే, దోశలు చదివించాయని చెబుతాను. ముందు నవ్వుతారు, తర్వాత వివరం అడుగుతారు. ఆ వివరం కొంచెం పొడుగు.

మా ఊరు హనుమాన్ జంక్షన్‌కి ఆటోలో ఇరవై నిమిషాలు. మా చర్చి సంఘంలో ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. పొద్దున్నే బియ్యం కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి, పొయ్యి గట్టు మీదున్న డబ్బాలో వేస్తారు. ఆ పిడికెడు దేవునిది. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ డబ్బా జోలికి వెళ్ళరు. నెలలో మొదటి ఆదివారం డబ్బాలన్నీ మందిరానికి వస్తాయి. ఆరాధన అయ్యాక వరండాలో ఒక గోనెసంచి నోరు తెరిచి పట్టుకుంటే, ఒక్కొక్కరే వచ్చి అందులో ఒంపుతారు.

అయ్యగారు పీఠం మీద నుంచి చెప్పే ప్రసంగం అప్పటికి ముగిసేది. వరండాలో రెండో ప్రసంగం మొదలయ్యేది. స్త్రీల సమాజం ప్రెసిడెంటు మామ్మగారు, అంటే ఎలిమెంటరీ స్కూల్లో పంతులమ్మగా చేసి రిటైరైన ఆవిడ, సంచి పక్కన కుర్చీ వేసుకుని ప్రతి డబ్బాలోకీ తొంగి చూసేవారు. ఇంట్లో సన్నబియ్యం తింటూ దేవుడికి రేషన్ బియ్యం తెచ్చినవాళ్ళని ఆవిడ మెట్ల కింద ఉండగానే పట్టేసేవారు.

"ఏమ్మా, మీరేమో సన్నాలు, ఆయనకేమో కోటా బియ్యమా? దేవుడికి తెల్లకార్డు ఎప్పుడిచ్చారే?"

ఆ డబ్బా తెచ్చినావిడ తర్వాతి నెల ఇంకో డబ్బా తెచ్చేది. అందులో పైన సన్నబియ్యం, అడుగున కోటా బియ్యం ఉండేవి. మామ్మగారు ఆ పైపొరలోకి చెయ్యి పెట్టి కిందికీ మీదికీ తిప్పేవారు. అంత్య తీర్పు దినం ఎలా ఉంటుందో నేను అక్కడే మొదటిసారి చూశాను.

అన్ని ఇళ్ళ బియ్యమూ కలిసిన ఆ సంచిని వండుకోవడానికి ఎవరూ కొనరు. ఒక గింజ ఉడికేసరికి ఇంకోటి పలుకుగా ఉంటుంది, మూడోది జావవుతుంది. అందుకని వేలంలో ఎప్పుడూ జంక్షన్లో టిఫిన్ సెంటరు నడిపే ఆయనే పాడుకునేవాడు. రుబ్బితే అన్ని బియ్యాలూ ఒకటేనని ఆయన అభిప్రాయం. మా సంఘంలో ఇన్ని రకాల మనుషుల్ని ఒకటి చెయ్యడానికి అయ్యగారు ప్రతి ఆదివారం గంటన్నర కష్టపడతారు. టిఫిన్ సెంటరు గ్రైండరుకి ఆ పని పావుగంట.

ఆ బియ్యంతో ఏం చెయ్యాలన్న విషయంలో సంఘంలో రెండు పక్షాలుండేవి. సంఘం సెక్రటరీ గారు మందిరానికి ప్రహరీ గోడ కట్టించాలనేవారు. ఆయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆదివారం ప్రకటనలు చదువుతుంటే స్టేజీలు పిలుస్తున్నట్టుండేది. ఆరాధన మధ్యలో గేదెలు లోపలికొచ్చేస్తున్నాయని ఆయన బాధ. మామ్మగారిది ఇంకో పట్టు. మన సంఘం నుంచి వైద్యం తెలిసిన మనిషి ఒకరు రావాలి, ఈ బియ్యం దానికే పోవాలి అని. ఓట్లు పెడితే బియ్యం తెచ్చేది ఆడవాళ్ళు కాబట్టి ఆడవాళ్ళ మాటే నెగ్గింది. గేదెలు రావడం మాత్రం మానలేదు.

అలా ఎంపికైన మొదటి మనిషిని నేను. మా నాన్న రైస్ మిల్లులో హమాలీ. బస్తాలు మోసి మోసి నడుం పట్టేసి, ఒక వేసవి అంతా గోడ పట్టుకుని లేచారు. జంక్షన్లో ఒక ఫిజియోథెరపిస్టు ఆయన చేత రోజూ రెండు చిన్న కదలికలు చేయించి, పది వారాల్లో మళ్ళీ నిటారుగా నిలబెట్టింది. ఇంజెక్షన్ లేదు, కోత లేదు. నాకది అద్భుతాల అధ్యాయంలోంచి ఊడిపడినట్టు కనిపించింది. అందుకే ఎంబీబీఎస్ సీటు రాకపోయినా నేను పెద్దగా ఏడవలేదు. విజయవాడలో ఫిజియోథెరపీ సీటొచ్చింది. కాలేజీ ఫీజు సర్కారు పథకం కింద పోయేది. హాస్టలూ, పుస్తకాలూ, తెల్లకోటూ మాత్రం మా వల్ల అయ్యేవి కావు. బియ్యం లేకపోతే నాకు చదువు లేదు. జంక్షన్లో బట్టల షాపులో బిల్లు కౌంటరు దగ్గర పని అప్పటికే చూసి పెట్టారు.

స్త్రీల సమాజంలో నా సీటు సంగతి చెప్పినప్పుడు జరిగిన మాటలు నాకింకా గుర్తే.

"ఏం సీటొచ్చిందే పిల్లా?" అన్నారు మామ్మగారు.

"బీపీటీ అండి."

"మేం తెచ్చే బియ్యంలో సగం ఆ రకమేగా!" అని ఎవరో అన్నారు. కాసేపు నవ్వుకున్నారు.

"అంటే ఫిజియోథెరపీ అండి. నడుం నొప్పులు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళకీ, పక్షవాతం వచ్చినవాళ్ళకీ కాళ్ళూ చేతులూ మళ్ళీ ఆడేట్టు చెయ్యడం."

మా వీధిలో నాట్ల ముఠాకి పెద్దగా ఉండే అత్త ఒకామె ఉంది. చుట్టరికం లేకపోయినా ఊళ్ళో సగం మందికి అత్త. ఆమె నోటికి భయపడి మేస్త్రీలు కూలి బేరం ఆడేవాళ్ళు కాదు. ఆమె ఇలా అంది: "కాళ్ళొత్తడమేగా కోడలా! మా అత్తకి ఇరవయ్యేళ్ళు ఒత్తాను. నాకెవరూ సర్టిఫికెట్టివ్వలా."

"ఒత్తడం కాదత్తా, అదొక శాస్త్రం. నాలుగున్నరేళ్ళు చదవాలి."

"కాళ్ళొత్తడం నేర్పడానికి నాలుగున్నరేళ్ళా! విజయవాడోళ్ళు మరీ నెమ్మది."

మామ్మగారు చేత్తో ఊరుకోమని సైగ చేశారు. "డాక్టరు కోసి కుట్టి పంపించేస్తాడు. తర్వాత మంచంలో ఉన్నవాణ్ణి లేపి నడిపించేదెవరు? ఇంటి కప్పు విప్పి పక్షవాయువు మనిషిని ప్రభువు ముందుకి దించిన నలుగురున్నారే, ఈ పిల్లది వాళ్ళ పని. బియ్యం ఈమెకే."

ఆవిడ పాఠం చెప్పాక ఎదురు చెప్పేవాళ్ళు లేరు. మినిట్స్ పుస్తకంలో తన గుండ్రటి పంతులమ్మ దస్తూరీతో మూడు షరతులు రాశారు. నెలనెలా మొదటి ఆదివారం వచ్చి, దేవుడు చదువులో ఎలా నడిపిస్తున్నాడో సంఘం ముందు సాక్ష్యం చెప్పాలి. చదువయ్యాక నెలకొక శనివారం మందిరం వరండాలో కూర్చుని ఊరివాళ్ళని చూడాలి. మూడోది, ఏ పరీక్ష తప్పినా సాయం ఆగిపోతుంది. నేను సంతకం పెట్టాను. సెక్రటరీ గారు పక్కన సాక్షి సంతకం పెట్టారు.

ఇక ఆ ఏడాదంతా నేను ఉమ్మడి ఆస్తిని. బస్సు దిగడం ఆలస్యం, ఒకరు కాలు చాపేవారు, ఒకరు వీపు తిప్పేవారు. మొదటి సంవత్సరంలో మాకు నేర్పేది ఎముకల పేర్లు, కండల పేర్లు, అంతేనని చెబితే ఎవరూ వినేవాళ్ళు కాదు. "మా బియ్యం తింటోంది, మా మోకాలు చూడదా?" అనేవాళ్ళు. నేను బియ్యం తినడం లేదనీ, అవి దోశలై జంక్షన్ జనం తింటున్నారనీ చెప్పేంత ధైర్యం నాకు లేదు.

పరీక్షలైన వారం ఇంటికొచ్చాను. అనాటమీలో ఒక పెద్ద ప్రశ్న వదిలేశాను. మెడలోంచి బయల్దేరిన నరాలు భుజం దగ్గర జడలా అల్లుకుని చేతిలోకి దిగుతాయి. ఆ బొమ్మ వెయ్యమన్నారు. నేను వేసింది జడ కాదు, చిక్కు. వేసి, కొట్టేసి, ఇంకో ప్రశ్నకి వెళ్ళిపోయాను.

మందిరం మెట్ల మీద మామ్మగారు అడిగారు: "ఎలా రాశావే?"

నేను నోరు తెరిచేలోగానే ఆవిడ మిగతాది పూర్తి చేశారు. "పాసయ్యావు. అంతే. ప్రార్థించాక అనుమానపడకూడదు. ఆమేన్ అను."

చుట్టూ పదిహేను మంది ఉన్నారు. అనుమానించేవాడు గాలికి కొట్టుకునే అలలాంటివాడని మా అందరికీ సండే స్కూలు నుంచి కంఠతా వచ్చు. అంతమంది ముందు అలని అనిపించుకోవడం నాకిష్టం లేకపోయింది.

"ఆమేన్," అన్నాను.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆవిడ కృతజ్ఞత కూడికకి తారీఖు పెట్టేశారు. ఫలితాలు రాకముందే ఎందుకండీ అని మా అమ్మ మెల్లిగా అంటే, "వచ్చాక స్తోత్రం ఎవరైనా చెబుతారు. రాకముందు చెప్పడమే విశ్వాసం," అన్నారు. విశ్వాసంతో పాటు ఇంకో కారణం కూడా ఉండేది. అవి పెళ్ళిళ్ళ రోజులు. టెంట్ హౌస్ వాడు ఆ ఒక్క ఆదివారమే ఖాళీ అన్నాడు.

జంక్షన్లో కార్డులు అచ్చు వేయించారు. 'ప్రథమ సంవత్సర పరీక్షలలో ఉత్తీర్ణురాలైన సందర్భముగా' అని పెద్దక్షరాలు, మధ్యలో నా ఫొటో. ఫొటో స్టూడియో ఆయన తన దగ్గర డాక్టర్ల కోసం ఉంచే స్టెతస్కోపు నా మెడలో వేశాడు. అది పనిచేసేది కాదట, గొట్టం లోపల ఊడిపోయిందట. ఆ ఫొటో చూసినప్పుడల్లా నా పరిస్థితి నాకే అర్థమయ్యేది.

కూడిక ఆదివారం. ఫలితాలు శుక్రవారం మధ్యాహ్నం వచ్చాయి. హాస్టల్లో మంచం మీద కూర్చుని ఫోన్లో హాల్‌టికెట్ నంబరు కొట్టాను. అన్నీ పాస్. అనాటమీ తప్ప.

శనివారం బెంజ్ సర్కిల్ దగ్గర బస్సెక్కి, గన్నవరం దాటేదాకా ఎలా చెప్పాలా అని వాక్యాలు కూర్చుకున్నాను. జంక్షన్లో దిగకుండా ఏలూరు పోదామా అని కూడా అనిపించింది. దేవుడు పొమ్మన్న వైపు కాకుండా ఇంకోవైపు ఓడెక్కితే, చేప మింగి వెనక్కి తెచ్చి కక్కిన ప్రవక్త సంగతి తెలియని పిల్లని కాదు. ఆర్టీసీలో అయితే చేప కూడా అక్కర్లేదు. టికెట్టు జంక్షన్ దాకానే, కండక్టరే దింపేస్తాడు.

మామ్మగారు వంటింట్లో కుర్చీ వేసుకుని, కుడికాలు స్టూలు మీద చాపుకుని, మర్నాటి పలావుకి వెల్లుల్లి వలుస్తున్నారు.

"రా డాక్టరమ్మా. కూర్చుని నాలుగు పాయలు వలువు."

"ఫలితాలొచ్చాయండి మామ్మగారూ."

"వస్తాయి మరి. స్తోత్రం."

"స్తోత్రం కాదండీ. ఒకటి పోయింది."

వెల్లుల్లి ఆగింది. "ఏది?"

"అనాటమీ. ఎముకలు, కండలు, నరాలు."

"మిగతావి?"

"పాసయ్యానండి."

"ఎముకలూ కండలూ నరాలూ తప్ప మిగతావన్నీ వచ్చాయన్నమాట. ఇంకేం మిగిలిందే మనిషి ఒంట్లో?"

నాకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆవిడ కాసేపు ఏడవనిచ్చారు.

"మరి ఆ రోజు ఆమేన్ అన్నావుగా. నమ్మే అన్నావా?"

"లేదండి. ఒక ప్రశ్న వదిలేశానని అప్పటికే తెలుసు. మీరు అనమన్నారని అన్నాను."

ఆవిడ ఒలిచిన పాయని చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. "ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లని ప్రశ్న అడిగి, జవాబు చెప్పనివ్వకుండా నేనే చెప్పేశాను. నేనైతే అలాంటి పంతులమ్మకి మార్కులెయ్యను."

"మరి మూడో షరతండీ?"

"అది నా చేత్తో రాశాను. నా చేత్తోనే కొట్టేస్తే, రేపు గోడ కట్టుకుంటామంటే నేనేం అనగలను? సంఘం ముందు నువ్వే చెప్పు. వాళ్ళేమంటే అది."

"కార్డులు పంచేశాం కదండీ."

"పంచాం. కోళ్ళక్కూడా చెప్పాం. నువ్వు తప్పావని కోళ్ళని వెనక్కి పంపలేంగా. వలువు."

ఆదివారం మందిరం నిండిపోయింది. కార్డు చూసి పక్క ఊరి సంఘంవాళ్ళు కూడా వచ్చారు. నన్ను పిలిచినప్పుడు పీఠం దగ్గరికి నడిచాను. ఆ దూరం అంత ఉందని నాకెప్పుడూ తెలియలేదు.

"నేను ఒక సబ్జెక్టు తప్పాను," అని చెప్పాను. "ఆ రోజు నేనన్న ఆమేన్ విశ్వాసం కాదు, మొహమాటం. ఆ మాటని అలా వాడినందుకు దేవుణ్ణీ, మిమ్మల్నీ క్షమించమని అడుగుతున్నాను."

వెనక షామియానాలో గుండిగ మూత తీసిన చప్పుడూ, ఆ వెంటనే మసాలా వాసనా లోపలికొచ్చాయి.

"పలావు మాత్రం పాసయ్యేట్టుంది," అంది అత్త. గుసగుసే, కానీ ఆమె గుసగుస పది వరుసలకి వినపడుతుంది.

సెక్రటరీ గారు మినిట్స్ పుస్తకం పట్టుకుని లేచారు. ఆయన గొంతులో కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "పిల్ల నిజం చెప్పింది, సంతోషం. కానీ మూడో షరతు ఇక్కడ రాసుంది. సాక్షి సంతకం నాది. రూలు ఒకరికోసం మారిస్తే రూలెందుకండీ? బియ్యం ఇంకొక పిల్లకో, లేదంటే..."

"గోడకో," అన్నారెవరో.

"గోడకో," అన్నారాయన, కొంచెం సిగ్గుపడుతూ.

మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు అత్త లేచి నిలబడింది.

"సెక్రటరీ గారూ, ఒక్క మాటండి. మీరు బస్సులో ముప్పయ్యేళ్ళు చేశారు కదా?"

"ముప్పై రెండు."

"దారిలో బస్సు చెడిపోతే టికెట్టు కొన్నోళ్ళని ఏం చేసేవాళ్ళండీ? చేలల్లో దింపేసి మీ ఖర్మని పోయేవాళ్ళా?"

"అదెలా కుదురుద్దమ్మా? వెనకొచ్చే బస్సెక్కిస్తాం."

"దాంట్లో మళ్ళీ టికెట్టు కొట్టేవాళ్ళా?"

"కొట్టం. అదే టికెట్టు చెల్లుద్ది. అది రూలు."

రూలు అన్న మాట నోట్లోంచి వచ్చాక ఆయనకి అర్థమైంది. అప్పటికే ఆడవాళ్ళ వైపు నవ్వు మొదలైంది.

"ఈ పిల్ల బస్సూ చెడింది. వెనకాల ఇంకో పరీక్షుందంటగా కోడలా?"

"సప్లిమెంటరీ ఉందత్తా."

"ఇంకేం. ఎక్కించండి."

ఇంకొకరైతే నవ్వి ఊరుకునేవారు. సెక్రటరీ గారు అలా కాదు. పుస్తకం చంకలో పెట్టుకుని నిజంగానే ఆలోచించారు. "వెనక బస్సు కూడా చెడిపోతే?"

"అప్పుడు దిగి నడుస్తుంది," అన్నారు మామ్మగారు. అలాగే తీర్మానం అయింది. సప్లిమెంటరీ పాసైతే బియ్యం సాగుతుంది, లేకపోతే బట్టల షాపు. ఆ నాలుగో షరతు మినిట్స్‌లో ఇప్పటికీ ఉంది: 'దారిలో ఆగినవారికి వెనక బస్సు ఒక్కటి ఇవ్వబడును.' మూడు తరాల తర్వాత చదివేవాళ్ళు మా సంఘం చదువులు చెప్పించిందనుకుంటారో, రవాణా నడిపిందనుకుంటారో తెలియదు.

భోజనాల ముందు అయ్యగారు, దేనికి కృతజ్ఞత చెప్పాలో ఒక క్షణం ఆలోచించి, చెప్పిన నిజం కోసమూ రాబోయే బస్సు కోసమూ ప్రార్థన చేశారు. ఆ పూట అందరూ మనస్ఫూర్తిగా ఆమేన్ అన్నారు. ఆకలి కూడా కొంత సాయపడి ఉంటుంది.

మర్నాడు మామ్మగారు నన్ను పిలిపించారు. "పిల్లలకి లెక్కలు నేను చింతగింజలతో నేర్పాను. నీకు మనుషులమున్నాం. రెండువందల ఆరు ఎముకలన్నావుగా, సమాజంలో పాతికమందిమి. పంచుకుంటాం."

అలా ప్రతి శనివారం సాయంత్రం, స్త్రీల ప్రార్థనకి గంట ముందు, మందిరం వరండా నా కాలేజీ అయింది. మామ్మగారు మోకాలు తీసుకున్నారు. అత్త నడుం తీసుకుంది. మా అమ్మకి మణికట్టు వచ్చింది. చిన్న ఎముకలు ఎక్కువని సణిగింది. ఎవరి భాగం పేర్లు వాళ్ళు నేర్చుకుని నన్ను అడగాలి. నెల తిరక్కుండా వీధిలో పరిస్థితి మారిపోయింది. పాల కేంద్రం దగ్గర ఒకావిడ పలకరింపు లేకుండా చెయ్యెత్తి "ఇదేంటి?" అనేది. చెప్పకపోతే ముందుకి కదలనిచ్చేది కాదు. పటెల్లా అంటే మోకాటి చిప్ప అని మా ఊళ్ళో చిన్నపిల్లలకి కూడా తెలిసింది. మామ్మగారు ఆ మాటని ఏదో స్వీటు పేరు పలికినట్టు పలికేవారు.

నాట్లువేసి వేసి, ప్రార్థనలకి మోకాళ్ళూని ఊని, మా సంఘం ఆడవాళ్ళలో నొప్పి లేని మోకాలు నాకు దొరకలేదు. ఒక శనివారం అత్త వెన్ను పక్కన కండ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వేళ్ళతో వెతుకుతున్నాను. ఒకచోట వేలు ఆనించగానే ఆమె మాట ఆగిపోయింది. ఎన్నేళ్ళ నుంచి అని అడిగాను. "లెక్కేముందే," అని మాత్రం అంది. ఆ నోరు ఊరుకోవడం నేను చూడటం అదే మొదలు. కాళ్ళొత్తడం గురించి ఆమె మళ్ళీ ఎప్పుడూ ఎగతాళి చెయ్యలేదు. నన్ను ఎగతాళి చెయ్యడం మాత్రం మానలేదు.

భుజం ఎవరూ తీసుకోలేదు. నన్ను ముంచింది అదే కాబట్టి అపశకునంలా చూశారు. నాలుగో వారం సెక్రటరీ గారు వరండా మెట్ల దగ్గర కొంచెంసేపు అటూ ఇటూ తిరిగి, చివరికి అన్నారు: "నా కుడిభుజం పైకి లేవదమ్మా. ముప్పై రెండేళ్ళు బెల్లు తాడు లాగాను. పనికొస్తుందేమో చూడు."

ఆయన బనీనుతో బెంచీ మీద బిగుసుకుని కూర్చున్నారు. నేను మెడ నుంచి చేతిదాకా స్కెచ్ పెన్నుతో నరాలు గీశాను. "సెక్రటరీ గారికి గోరింటాకు పెడుతున్నారు, ఎవరైనా పాట పాడండర్రా," అంది అత్త. ఆయన పట్టించుకోలేదు. తన చేతి మీద ఏం జరుగుతోందో అన్నదే ఆయన శ్రద్ధ.

"ఇవెన్ని?"

"మెడ దగ్గర ఐదు మొదలవుతాయండి. కలిసి మూడవుతాయి. ఆ మూడూ చీలి ఆరు. ఆరు మళ్ళీ కలిసి మూడు. ఆఖరికి ఐదు నరాలుగా చేతిలోకి వెళ్తాయి."

"ఇంతేనా!" అన్నారాయన. "మెడ డిపోలో ఐదు సర్వీసులు బయల్దేరినై. జంక్షన్లో మూడు రూట్లైనై. ఒక్కో రూటూ రెండుగా చీలింది, ఒకటి పాత రోడ్డు, ఒకటి బైపాసు. మళ్ళీ మూడు బస్టాండుల్లో కలిసినై. అక్కణ్ణుంచి ఐదు ఊళ్ళకి ఆఖరి బస్సులు. ఏ బస్సు ఏ ఊరు పోద్దో తెలిస్తే, ఏ ఊరికి బస్సు చేరకపోయినా ఏ రూటు తెగిందో చెప్పొచ్చు. దీనికి తప్పావా అమ్మాయ్?"

మా ప్రొఫెసరు మూడు క్లాసుల్లో చెప్పినది ఇదే. నాకు మాత్రం ఆ బెంచీ దగ్గర తెలిసింది. ఆదివారం ప్రకటనల మధ్యలో ఆయన చొక్కా చేతి కిందనుంచి నీలిగీత ఒకటి కనపడింది. స్నానం చేసినా పోలేదట.

సప్లిమెంటరీ రాసొచ్చాను. జంక్షన్లో బస్సు దిగేసరికి సెక్రటరీ గారు స్టాండులో ఉన్నారు. వేరే పనిమీద వచ్చానన్నారు.

"ఏం అడిగారు?"

"మోకాలు అడిగారండి. నడుం అడిగారు. మణికట్టు కూడా అడిగారు."

"భుజం?"

"అడగలేదండి."

ఆయన మొహం చిన్నబోయింది. "నాలుగు వారాలు బనీనుతో కూర్చున్నానమ్మా," అన్నారు.

మందిరం మెట్ల మీద మామ్మగారు అడిగారు: "ఎలా రాశావే?" అడిగి, పెదాలు బిగించి, ఆగారు. ఆగడం ఆవిడకి ఎంత కష్టమో మెడలో నరాలు చెబుతున్నాయి. వాటి పేర్లు కూడా నాకు అప్పటికి తెలుసు.

"అన్నీ రాశానండి. ఒక్కటీ వదల్లేదు."

"సరే," అన్నారావిడ, అంతే. ఆ రాత్రి ప్రార్థనలో నా పేరు ఎంతసేపు ఉందో మా అమ్మ తర్వాత చెప్పింది.

ఫలితం వచ్చిన ఆదివారం ప్రకటన సెక్రటరీ గారే చదివారు. "వెనక బస్సు చేరింది," అన్నారు, పుస్తకంలోకి చూడకుండా. చప్పట్లు మా సంఘంలో ఆరాధన మధ్యలో అలవాటు లేదు. ఆ రోజు గేదెలు కూడా బెదిరి బయటికి వెళ్ళాయి.

మళ్ళీ కృతజ్ఞత కూడిక పెట్టారు. ఈసారి అచ్చు వేయించలేదు. పాత కార్డులు మామ్మగారి బీరువాలో చాలా మిగిలిపోయాయి. అందులో తప్పేమీ లేదుగా అని, తారీఖు ఒక్కటి పెన్నుతో కొట్టేసి పైన కొత్తది రాశారు. "మాట సరిగ్గానే ఉందే. తారీఖు దగ్గరే మనం తొందరపడ్డాం," అన్నారు నాతో. స్టెతస్కోపు ఫొటో కూడా అలాగే ఉంది.

ఆ రోజు ప్రార్థనకి ఆవిడ మోకాళ్ళూనలేదు. అది నేను రెండు నెలలు పోట్లాడి సాధించింది. "మోకాళ్ళూనకుండా ప్రార్థనేంటే?" అని ఎన్నిసార్లు అన్నారో. చివరికి కుర్చీలో కూర్చుని, నేను నేర్పినట్టు కుడికాలు చాపి, పది లెక్కపెట్టేదాకా గాల్లో నిలిపి ఉంచారు. స్తోత్రం చెప్పేటప్పుడు కాలు దించి, విన్నపాలు చెప్పేటప్పుడు ఎత్తేవారు. విన్నపాలు ఎక్కువున్న రోజు మోకాలికి మంచిదని నేనూ ఒప్పుకున్నాను.

కూడిక అయ్యాక, ఆకులు ఎత్తుతుండగా నన్ను దగ్గరికి పిలిచారు. చుట్టూ మళ్ళీ అదే పదిహేను మంది.

"రెండో ఏడు కూడా పాసవుతావు. ఆమేన్ అను."

"పుస్తకాలు ఇంకా తెరవలేదండి మామ్మగారూ."

"ఆమేన్ అనవే."

"చదివొచ్చి అంటానండి."

అత్త "ఓహో" అంది. మామ్మగారు కళ్ళద్దాల పైనుంచి, కోటా బియ్యం డబ్బాలోకి చూసినట్టు, నా మొహంలోకి చాలాసేపు చూశారు. అడుగుదాకా చెయ్యి పెట్టి తిప్పినంత పనైంది.

"సరే. నమ్మడం నా పని, అది నేను చేస్తా. చదవడం నీ పని," అన్నారు.

"కార్డులు మాత్రం వేయించకండి మామ్మగారూ."

"వేయించన్లే," అని, కర్ర అందుకుని లేచి నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగారు. "టెంట్ వాడికి మాత్రం ఒక మాట చెప్పి ఉంచుతా."